పాత పెట్టలు కొత్తవాటిని గూట్లోకి రానివ్వడం లేదు

మాది రెండు కుటుంబాలు కలిసిన ఇల్లు, మొత్తం ఏడుగురు పిల్లలు. సరదాగా మొదలుపెట్టిన చిన్న పొలంలో కోళ్లు కూడా రెండు పక్షాలే: మా ఆయన పిల్లలవి రెండేళ్ల పెట్టలు 6, నా పిల్లలు పెంచినవి 16 వారాల పెట్టలు 5. గూడు 8 అడుగుల పొడవు, 6 అడుగుల వెడల్పు.

మధ్యలో ఇనుప వల కట్టి పది రోజులు ఎదురెదురుగా ఉంచాం. తర్వాత రాత్రిపూట కొత్తవాటిని గూట్లో కోళ్లు పడుకునే కర్రల మీదికి చేర్చాం. తెల్లారేసరికి ఒకదాని తల వెనక ఈకలు ఊడి రక్తం కారుతోంది. దాన్ని వెంటనే విడిగా పెట్టాం, గాయం మానింది. రెండో దాణా తొట్టె, నీళ్ల పాత్ర పెట్టాం. దాక్కోవడానికి చెక్కపెట్టెలు అడ్డం పెట్టాం. అయినా ఎనిమిది రోజులుగా తెల్లవారుజామునా, చీకటి పడే ముందూ పొడుస్తూనే ఉన్నాయి.

మొదలుపెట్టేది ఎప్పుడూ ఒకే ఎర్ర పెట్ట. అది మా ఆయన చిన్నకూతురి ముద్దుల పెట్ట, కాబట్టి ఇచ్చేయడం కుదరదు. (పిల్లలే ఇంతకన్నా త్వరగా కలిసిపోయారు!)

ఆ ఒక్కదాన్నే మిగతావాటికి కనిపించకుండా ఎన్ని రోజులు విడిగా ఉంచితే, తిరిగి వచ్చాక దాని పెత్తనం తగ్గుతుంది?