విన్నిపెగ్ జెట్స్: పాత జట్టూ కొత్త జట్టూ ఒకటేనా?

ప్రశ్న: కెనడాలోని విన్నిపెగ్ ఐస్ హాకీ జట్టు జెట్స్ తరఫున 1992-93లో టీము సెలాన్నె అనే ఆటగాడు తన తొలి సీజన్‌లోనే 76 గోల్స్ కొట్టాడు కదా, ఇప్పటి జెట్స్ రికార్డుల్లో అది కనిపించదేం?

జవాబు: పేరూ ఊరూ ఒకటే గానీ ఫ్రాంచైజీలు (లీగ్ లెక్కలో జట్టు సంస్థలు) వేరండీ. పాత జెట్స్ 1972లో డబ్ల్యూహెచ్ఏ అనే లీగ్‌లో మొదలై, 1979లో ప్రధాన హాకీ లీగ్ అయిన ఎన్‌హెచ్‌ఎల్‌లో చేరి, 1996లో అమెరికాలోని ఫీనిక్స్ వెళ్లి కొయోటీస్ అయింది. సెలాన్నె గోల్స్ ఆ ఖాతాలోనే ఉంటాయి. ఇప్పటి జట్టు అసలు అట్లాంటా థ్రాషర్స్ అనే పేరుతో ఉండేది. 1999లో ఆట మొదలుపెట్టి 2011లో విన్నిపెగ్ వచ్చింది. గణాంకాలు వెతికేటప్పుడు 1996కి ముందువైతే కొయోటీస్ కింద చూడండి.

జవాబు: 2024లో కొయోటీస్ ఆటగాళ్లు అమెరికాలోని యూటా రాష్ట్రపు జట్టుకి వెళ్లారు. అయినా లీగ్ యూటాను కొత్త జట్టుగానే లెక్కిస్తుంది. చాలామంది ఇక్కడే పొరబడతారు.

జవాబు: పాత జెట్స్ ఎన్‌హెచ్‌ఎల్‌లో చేరిన 1979 సంగతి కూడా చెప్పుకోవాలి. 1976, 78, 79లలో డబ్ల్యూహెచ్ఏ టైటిలైన ఆవ్‌కో కప్పు గెలిచిన జట్టది! ఎన్‌హెచ్‌ఎల్‌లో చేరే షరతుల వల్ల ఇద్దరు గోలీలు (గోల్ కాపలా ఆటగాళ్లు), మరో ఇద్దరు ఆటగాళ్లకు మించి కాపాడుకునే వీల్లేకపోయింది. వాళ్లపై ముందునుంచే హక్కులున్న ఎన్‌హెచ్‌ఎల్ జట్లు మిగతా మంచి ఆటగాళ్లను లాగేసుకున్నాయి. ఫలితం, 1980-81లో 80 మ్యాచ్‌లకు 9 గెలుపులు, వరుసగా 30 మ్యాచ్‌లు గెలుపే లేదు. ఆ అట్టడుగు స్థానం వల్లే 1981 డ్రాఫ్ట్‌లో (జట్లు కొత్త ఆటగాళ్లను వంతులవారీగా ఎంచుకునే కార్యక్రమం) మొదటి ఎంపిక దక్కి డేల్ హావర్‌చక్ వచ్చాడు.

జవాబు: 1996లో పాత జెట్స్ విన్నిపెగ్ వదిలి పోవడానికి డబ్బే కారణం. జీతాలు అమెరికన్ డాలర్లలో, రాబడి బలహీనపడ్డ కెనడా డాలర్లలో. పాత అరీనాలో (ఆట మైదానంలో) ఖరీదైన ప్రత్యేక గదుల సీట్లు తక్కువ. 2004లో కొత్త అరీనా తెరుచుకోబట్టే ఊరికి మళ్లీ ఎన్‌హెచ్‌ఎల్ జట్టు రాగలిగింది.