ఆవు ఈని 20 గంటలైంది, మాయ పడలేదు. ఏం చెయ్యాలి?

మాది చీపురుపల్లి దగ్గర పల్లె. జెర్సీ క్రాసు ఆవు, రెండో ఈత. నిన్న సాయంత్రం 4 గంటలకి పెయ్యదూడని వేసింది. 12 గంటల్లో పడాల్సిన మాయ ఇంకా జానెడు బయటికి వేలాడుతోంది. చివర నల్లబడింది, వాసన మొదలైంది. వేపమండతో ఈగల్ని తోలుతూ పక్కనే కూర్చున్నాను. మేత సగమే తింటోంది. జ్వరం చూస్తే 102 ఉంది.

పక్కింటి తాత మాయకి రాయి కట్టమంటున్నాడు. బలవంతంగా లాగితే గర్భసంచి చిరిగి రక్తం పోతుందని నేను ఒప్పుకోలేదు. పశువుల డాక్టరుగారు సాయంత్రం వస్తానన్నారు. అందాకా కాల్షియం తాగించొచ్చా? వేలాడే ముక్కని కాస్త కత్తిరించొచ్చా, అలాగే వదిలెయ్యాలా? పొదుగు కడిగి జున్నుపాలు దూడకి పట్టిస్తున్నాం, ఫరవాలేదు కదా? అనుభవం ఉన్నవాళ్లు దయచేసి చెప్పండి. ఇంటిల్లిపాదికీ ఈ ఆవే ఆధారం.