అప్‌డేట్: 15 నిమిషాల పేపర్, తెలుగు ఫాంట్లు, ప్రశ్నల సమయం

థీసిస్‌లోని ఒక అధ్యాయాన్ని రీసెర్చ్ స్కాలర్ల సదస్సులో 15 నిమిషాల్లో ఎలా ఇమడ్చాలని అడిగాను. సలహాలిచ్చిన అందరికీ థ్యాంక్స్. చివరికి తేలింది ఇదీ.

12 నిమిషాలు మాట, 3 నిమిషాలు ప్రశ్నలు. స్లైడ్లు 10 దాటలేదు. సాహిత్య సమీక్షకు (అంటే ఇదివరకటి పరిశోధనల ప్రస్తావనకు) ఒక్క స్లైడ్ చాలు, అదీ ఎక్కువే. ఫలితాలకు సగం సమయం ఉంచాలి. అక్షరాలు 24 పాయింట్లకు తగ్గితే వెనక వరుసకి కనబడవు.

అసలు తలనొప్పి తెలుగు ఫాంట్లే. యూనికోడ్ కాని పాత అను ఫాంట్లలో టైప్ చేసిన ఉదాహరణలు, ఆ ఫాంట్ లేని కంప్యూటర్లో ఇంగ్లీషు అక్షరాల గజిబిజిగా మారతాయి. అన్నీ ఏ కంప్యూటర్లోనైనా తెలుగుగానే కనిపించే యూనికోడ్‌లోకి మార్చి, ఒత్తులు, సున్నాలు సరిచూసి, పీడీఎఫ్ కూడా పెన్‌డ్రైవ్‌లో పెట్టుకోవాలి. పీడీఎఫ్‌లో ఫాంట్ కూడా ఆ ఫైల్లోనే ఇమిడి వస్తుంది, యానిమేషన్లు మాత్రం పోతాయి. కొన్ని హాళ్లలో ప్రొజెక్టర్‌కి ఇంకా పాత రకం వీజీఏ కేబులే, అడాప్టర్ మన దగ్గరే ఉండాలి.

ప్రశ్నలకోసం "ధన్యవాదాలు" స్లైడ్ తర్వాత అదనపు పట్టికలు దాచమన్న సలహా బంగారం. పవర్‌పాయింట్‌లో స్లైడ్ షో నడుస్తుండగా స్లైడ్ నంబర్ కొట్టి ఎంటర్ నొక్కితే నేరుగా అక్కడికే వెళ్తుంది. ఆ నంబర్లు కాగితమ్మీద రాసుకోండి.