బీపీటీ 5204 (సాంబ మసూరి వరి)లో క్రిస్పర్ (జీన్‌ని కత్తిరించి మార్చే పద్ధతి) చేసినవాళ్లున్నారా? నా కాలస్ (గింజ నుంచి పెంచే కణాల ముద్ద) అంతా చచ్చిపోతోంది

గోధుమకాలస్:
పీహెచ్‌డీ రెండో ఏడు. సాంబ మసూరిలో ఒక జీన్‌ని ఆపేద్దామని దిగాను. ఎక్కడ కత్తిరించాలో చూపే గైడ్ ఆర్‌ఎన్‌ఏ డిజైన్, క్లోనింగ్ రెండు నెలల్లో అయిపోయాయి. వాటిని కణాల్లోకి మోసుకెళ్లే ఆగ్రోబాక్టీరియం కలిపి, అవి చేరని కణాల్ని చంపే మందు హైగ్రోమైసిన్ ఉన్న ప్లేట్ల మీద పెట్టాక మాత్రం కాలస్ గోధుమరంగు తిరిగి పోతోంది, మూడుసార్లూ ఇదే కథ. గైడ్ తప్పా, నా చేతి తప్పా?

ఆకుమడి:
గైడ్ పనిచేయకపోతే మొక్క వస్తుంది, జీన్ తెగదు, అంతే. ఇది కల్చర్ గొడవ. బీపీటీ లాంటి ఇండికా వరి రకాలు చాలావరకు ఇలాగే ఏడిపిస్తాయి, జపానికా అనే ఇంకో వరి తెగకి రాసిన ప్రోటోకాల్ యథాతథంగా పెడితే బీపీటీ మాట వినదు. నేను పసుపుగా, గట్టిగా, గుండ్రంగా ఉన్న ముక్కలే ఏరుకుని, మెత్తగా నీరుకారేవి పారేసేదాన్ని. బ్యాక్టీరియా మరీ చిక్కగా వద్దు, తర్వాత కడగడంలో బద్ధకించొద్దు. ఆగ్రో కలపని కాలస్‌ని హైగ్రోమైసిన్ లేని ప్లేట్‌లో కూడా పెట్టి చూశారా? అక్కడా రంగు తిరిగితే తప్పు మందుది కాదు.

రెండుగైడ్లు:
గైడ్ కూడా ఓసారి చూసుకోండి. నేను నిప్పోన్‌బారే అనే జపానికా రకం జీనోమ్ చూసి డిజైన్ చేసి ఆరు నెలలు పోగొట్టుకున్నా. కత్తిరించే ఎంజైమ్ కాస్9కి పక్కనే ఎన్‌జీజీ అనే డీఎన్‌ఏ అక్షరాలు కావాలి. మా రకంలో అవి ఉండాల్సిన చోట ఒక్క అక్షరం వేరు, ఇంక కాస్9 అక్కడ ఏం కత్తిరిస్తుంది? ఇప్పుడు మా గింజల డీఎన్‌ఏలో ఆ ముక్కని సీక్వెన్స్ చేయించాకే ఆర్డర్ పెడతా.

బాపట్లరైతు:
మధ్యలో వచ్చినందుకు ఏమనుకోకండి. మేం వేసేది బీపీటీయే. 2025 మేలో హైదరాబాద్ రాజేంద్రనగర్ వరి పరిశోధన సంస్థ వాళ్ల కమల అనే వరి రకం ప్రకటించారు కదా, అదీ ఇలా చేసిందేనా? 20 రోజులు ముందే కోతకొస్తుందంటున్నారు, నిజమైతే మినుము కాస్త ముందే చల్లుకోవచ్చు. బీటీ పత్తి లాంటిదేనా?

ఆకుమడి:
ఇలా చేసిందే, మీ బీపీటీ నుంచే. సీకేఎక్స్2 అనే జీన్‌ని మార్చారు. అది సైటోకైనిన్ అనే హార్మోన్‌ని విరగ్గొట్టే ఎంజైమ్‌ది. దాని జోరు తగ్గితే కంకికి గింజలు పెరుగుతాయి. బీటీ పత్తిలో బ్యాక్టీరియా జీన్ ఉండిపోతుందండీ. ఇక్కడ కాస్9 జీన్ మొదట మొక్కలోకి వెళ్తుంది గానీ, తర్వాతి తరంలో అది లేని మొక్కల్నే ఏరుకుంటాం, ఒకే చోట దూరి ఉంటే నాలుగింట ఒకటి దొరుకుతుంది. బయటి డీఎన్‌ఏ మిగలని ఇలాంటివాటికి 2022లో కేంద్రం జీఎం (జన్యుమార్పిడి) పంటల నిబంధనల్లో కొన్నింటి నుంచి మినహాయింపు ఇచ్చింది.

గోధుమకాలస్:
@ఆకుమడి, మందు లేని ప్లేటు అసలు పెట్టనేలేదు మేడమ్. పైగా గింజలు పోయిన ఏడాదివి. కొత్తవి తెచ్చి సోమవారం మళ్లీ మొదలుపెడతా.