పెళ్లికి ముందే ఆస్తుల ఒప్పందం రాసుకోవడం తప్పా?

గోదావరి గట్టు (ప్రశ్న):

నా వివాహం వచ్చే మాఘమాసంలో నిశ్చయమైంది. హైదరాబాదులో ఉద్యోగం చేస్తున్నాను. నాలుగేళ్ల క్రితం గృహరుణంతో కొన్న ఫ్లాటు నా పేరున ఉంది, దానికి ఇంకా పదకొండేళ్లు వాయిదాలు కట్టాలి. నాన్నగారు లేరు. అమ్మ మందులు, తమ్ముడి చదువు నా జీతం మీదే నడుస్తున్నాయి. ఇక అబ్బాయి తన అన్నగారి వ్యాపార రుణానికి హామీ సంతకం పెట్టి ఉన్నారు. ఇవన్నీ ఒకరికొకరం దాపరికం లేకుండా చెప్పుకున్నాం. చెప్పుకున్నది కాగితం మీద పెట్టుకుందామని నేనంటే ఆయన సరేనన్నారు. అయితే మాటముచ్చట్ల నాడు ఈ సంగతి పెద్దల చెవిన పడగానే ఆయన మేనమామగారు, "పందిరి వేయకముందే విడిపోయే లెక్కలు వేసే పిల్ల కాపురం చేస్తుందా?" అని అందరి ముందూ అడిగారు. ఆ మాటకు అమ్మ ఆ రాత్రంతా ఏడ్చింది. ఇటువంటి ఒప్పందానికి మన చట్టంలో విలువ ఉందా? ఉన్నా లేకున్నా, రాసుకోవడం తగునా?

తెనాలి మాస్టారు:

అమ్మా, మీ అమ్మగారిని నొప్పించిన ఆ మాట అనవలసింది కాదు. అయినా ఒప్పందం వద్దనే నేను చెబుతాను. నలభై ఏళ్లుగా పెళ్లిమాటల్లో పెద్దమనిషిగా కూర్చున్నవాణ్ణి. నా అభ్యంతరం శకునం గురించి కాదు, ఆ కాగితం ఎవరు రాయిస్తారు, ఎవరు సంతకం పెడతారు అన్నదాని గురించి. మీకు ఉద్యోగం ఉంది, ఇల్లు ఉంది, కాబట్టి మీరు అడగగలిగారు. ఇదే అలవాటు ఊళ్లలోకి వస్తే, శుభలేఖలు పంచి, కల్యాణమండపానికి బయానా ఇచ్చేశాక, లగ్నం రెండు రోజులుందనగా మగపెళ్లివారు తెచ్చిన పత్రం మీద సంతకం పెట్టనని చెప్పగల ఆడపిల్లలు ఎందరుంటారు? 1961లోనే వరకట్న నిషేధ చట్టం వచ్చింది. కట్నం ఇచ్చిపుచ్చుకోలేదని ఇరుపక్షాలూ సంతకాలు చేసిన కాగితాలను, ఆ పక్కగదిలోనే లెక్కపెట్టిన నోట్లను కూడా నేను చూశాను. "ఎవరి పేరున ఉన్నది వారిదే" అని రాసుకుంటే, ఉద్యోగం మానుకుని పిల్లలను పెంచిన స్త్రీకి పదిహేనేళ్ల తరువాత ఏం మిగులుతుంది?

కుటుంబ న్యాయస్థానం వకీలు:

మాస్టారు చివర అడిగిన ప్రశ్న దగ్గరే మొదలుపెడతాను, ఎందుకంటే ఆయన భయపడుతున్న స్థితి ఏ ఒప్పందమూ లేకుండానే ఈనాడు మన దేశంలో అమలులో ఉంది. హిందూ దంపతుల విషయంలో, పెళ్లయ్యాక సంపాదించినది ఇద్దరికీ చెందుతుందని చెప్పే సూత్రం మన చట్టంలో లేదు. దస్తావేజు ఎవరి పేరున ఉంటే ఆస్తి వారిదే. 1955 నాటి హిందూ వివాహ చట్టంలోని 27వ సెక్షన్ పెళ్లి సమయంలో ఇద్దరికీ ఉమ్మడిగా ఇచ్చిన వస్తువుల వరకే మాట్లాడుతుంది. భర్త పేరున కొన్న ఇంటికి ఇరవై ఏళ్లు కాపురం చేసి, ఇంటిచాకిరీతో ఆ వాయిదాలు కట్టగల స్తోమత తెచ్చిపెట్టిన భార్యకు యాజమాన్యంలో వాటా సాధారణంగా రాదు. ఆమె అడగగలిగేది ప్రధానంగా మనోవర్తే. అందుచేత ఏమీ రాసుకోకపోవడం తటస్థంగా ఉండడం కాదు, ఆస్తి పేరున ఉన్నవారి వైపు మొగ్గడమే. "నేను ఉద్యోగం మానవలసివస్తే, ఆ కాలంలో కొన్న ఇంట్లో నాకు సగం" అని రాయించుకోవడానికి ఒప్పందం పనికొస్తుంది. బలహీనులకు ఒప్పందం హాని చేయగలదన్నది నిజమే, కానీ ఈ దేశంలో మౌనం ఇప్పటికే వారికి హాని చేస్తున్నది.

ఇక చట్టంలో విలువ సంగతి. హిందువులకు పెళ్లికి ముందటి ఒప్పందాలను గుర్తించే ప్రత్యేక చట్టం లేదు, నిషేధించేదీ లేదు. న్యాయస్థానం 1872 నాటి కాంట్రాక్టు చట్టం ప్రకారం చూసి, ప్రజావిధానానికి, అంటే సమాజ మేలుకు, విరుద్ధమైనదాన్ని 23వ సెక్షన్ కింద కొట్టివేస్తుంది. భర్త ఎప్పటికీ అత్తగారింటనే ఉండాలన్న పెళ్లినాటి ఒప్పందం చెల్లదని 1901లో కలకత్తా హైకోర్టు తీర్పు చెప్పింది. మరోపక్క మన రెడ్డి, కమ్మ కుటుంబాలలో తరతరాలుగా వచ్చిన ఇల్లటం ఆచారాన్ని, అంటే ఇంటికి వచ్చి వ్యవసాయం చూసుకునే అల్లుడికి మామగారి ఆస్తిలో భాగం ఇస్తామన్న పెళ్లినాటి మాటను, న్యాయస్థానాలు మన్నించాయి. పెళ్లిమాటల్లో ఆస్తి ప్రస్తావన పడమటి దేశాల నుంచి నిన్న మొన్న దిగివచ్చింది కాదని మేనమామగారికి చెప్పవచ్చు. ముస్లింల నిఖానామాలో, అంటే పెళ్లి పత్రంలో, మహర్ (వరుడు వధువుకు ఇవ్వవలసిన సొమ్ము) ఎంతో రాయకుండా ఏ కాజీగారూ ముందుకు కదలరు. క్రైస్తవులకు వర్తించే 1869 నాటి విడాకుల చట్టం 40వ సెక్షన్ వివాహానికి ముందూ తరువాతా చేసుకున్న ఆస్తి ఏర్పాట్లను న్యాయస్థానం పరిశీలించవచ్చని పేరుపెట్టి చెబుతుంది. గోవాలోనైతే పోర్చుగీసు కాలపు పౌరస్మృతి ప్రకారం, పెళ్లికి ముందు వేరే ఏర్పాటును నమోదు చేయించుకోకపోతే భార్యాభర్తల ఆస్తి ఉమ్మడి అవుతుంది.

మీ పత్రంలో రెండు సంగతులు రాయకండి, రాసినా నిలవవు. ఒకటి, పుట్టబోయే పిల్లలు ఎవరి దగ్గర ఉండాలన్నది. దాన్ని పిల్లల మేలు చూసి న్యాయస్థానమే తేలుస్తుంది. రెండవది, మనోవర్తి అడగనన్న హామీ. కేవలం 8,000 రూపాయలు తీసుకుని రాజీపడిన భార్య తరువాత మనోవర్తికి దావా వేసినప్పుడు, హక్కు వదులుకున్నానన్న ఆ రాజీ ప్రజావిధానానికి విరుద్ధమని 2013లో నాగేంద్రప్ప నాటికర్ కేసులో సుప్రీంకోర్టు తేల్చింది. మాస్టారి భయానికి ఈ తీర్పు కొంతవరకు అడ్డుకట్ట.

నోటరీ ముద్ర పడినంత మాత్రాన చెల్లని షరతు చెల్లుబాటు కాదు. కనుక ఆస్తికి సంబంధించినవి వీలైనంతవరకు రిజిస్టరు దస్తావేజులలోనే పెట్టండి. ఇద్దరి పేర్లతో ఇల్లు కొంటే ఎవరి వాటా ఎంతో అందులోనే రాయించండి. మీకు పెట్టే నగలు, కానుకల జాబితాను వరకట్న నిషేధ చట్టం కింద వచ్చిన 1985 నాటి నిబంధనలు ఎలాగూ రాయమంటున్నాయి. దాన్ని నిజాయితీగా రాసి వధూవరులు సంతకాలు చేయండి. స్త్రీధనం భార్య సొంతమని, అత్తవారి దగ్గర ఉన్నా అది వారి చేతిలో నమ్మకం మీద ఉంచిన సొత్తేనని 1985లోనే ప్రతిభారాణి కేసులో సుప్రీంకోర్టు చెప్పింది.

శాన్‌హోసే నివాసి:

పెళ్లి తరువాత సంతకం పెట్టినదాన్నిగా రాస్తున్నాను. 2012లో హెచ్4 వీసా మీద, అంటే అమెరికాలో ఉద్యోగం చేస్తున్న భర్త వెంట వచ్చే భార్యకిచ్చే వీసా మీద, వచ్చాను. అప్పట్లో నాకు ఉద్యోగం చేసే అనుమతి లేదు. కాలిఫోర్నియాలో కాపురం మొదలయ్యాక సంపాదించినది, ఎవరి జీతమైనా, చట్టం దృష్టిలో ఇద్దరిదీ. మావారు మిత్రులతో కంపెనీ పెడుతున్నప్పుడు, అందులోని షేర్లు ఆయన సొంత ఆస్తి అని నేను ఒప్పుకుంటున్నట్టు ఒక పత్రం వంటగది బల్ల మీదకు వచ్చింది. పాలు పొంగిపోతాయేమోనని పొయ్యి వైపు చూస్తూ సంతకం పెట్టాను. నా తరఫున చదివి చెప్పేవారు ఎవరూ లేరు. పెళ్లికి ముందటి ఒప్పందమైతే ఇక్కడి చట్టం తుది ప్రతి చేతికి వచ్చాక కనీసం ఏడు రోజులు గడవాలంటుంది. సొంత న్యాయవాది లేనివారు భరణం వదులుకున్నట్టు రాసినా అది చెల్లదు. పెళ్లయ్యాక చేసుకునేదానికి ఆ ఏడు రోజుల నియమం లేదు. ఒకరికి మాత్రమే లాభం కలిగితే ఒత్తిడి పెట్టి చేయించారని న్యాయస్థానం ముందుగా భావించే మాట నిజమే, కానీ ఆ వాదన చేయాలంటే కోర్టు మెట్లు ఎక్కాలి. మావారు చెడ్డవారు కారు, మేము కలిసే ఉన్నాం. అయినా ఆ పత్రం గుర్తొచ్చినప్పుడల్లా నన్ను అడగవలసిన తీరులో అడగలేదన్న బాధ పోలేదు. చెల్లీ, పెళ్లికి కనీసం రెండు నెలల ముందే, ఇద్దరూ వేర్వేరు వకీళ్లకు చూపించుకున్నాకే సంతకం పెట్టండి.

తెనాలి మాస్టారు:

వకీలుగారు చెప్పినది కాదనలేను. మౌనం ఎవరి పక్షమో ఇంతకాలం నేను ఆలోచించలేదు. అయితే ఒక్క సంగతి గుర్తుచేస్తాను. ఎన్.టి. రామారావుగారి ప్రభుత్వం 1986లో తెచ్చిన సవరణతో ఆంధ్రప్రదేశ్‌లో అవివాహితలైన ఆడపిల్లలకు ఉమ్మడి కుటుంబ ఆస్తిలో కొడుకులతో సమానంగా వాటా వచ్చింది. ఆ హక్కు వచ్చిన ఇళ్లలోనే, పసుపు కుంకుమ కింద ఇంత ఇచ్చాం కదమ్మా అంటూ అన్నదమ్ములు హక్కు విడుదల పత్రం మీద అక్కచెల్లెళ్ల సంతకాలు తీసుకున్న రోజులు నేనెరుగుదును. సబ్‌రిజిస్ట్రారు ముందు "ఇష్టపూర్వకంగానే" అని చెప్పిన ఆడపిల్లల ముఖాలు ఇప్పటికీ కళ్లముందు ఉన్నాయి. పుట్టింటినే కాదనలేనివారు మెట్టినింటిని ఏం కాదనగలరు? ఒప్పందాలు రావాలంటే వేర్వేరు వకీళ్లు, గడువు, ఆస్తి అప్పుల పూర్తి వెల్లడి తప్పనిసరి చేస్తూ ముందు చట్టం రావాలి. అది వచ్చేదాకా నా అభ్యంతరం అలాగే ఉంటుంది.

గోదావరి గట్టు:

మాస్టారూ, మీరు చూసిన ముఖాల్లో మా పెద్దత్తయ్య ముఖం కూడా ఒకటి అయి ఉండవచ్చు. అందుకే మీ మాటను తోసివేయను. మా పత్రంలో విడిపోవడం గురించి రాసే భాగాన్ని తగ్గించి, కలిసి ఉండగా ఎలా నడుచుకోవాలన్నదే ఎక్కువగా రాయాలనుకుంటున్నాం. అమ్మకు నెలకు ఇంత పంపడం నా బాధ్యత, పిల్లల కోసం ఎవరు ఉద్యోగం ఆపినా ఆ కాలపు పొదుపులో సగం వారి పేరున వేయాలి, ఒకరికి తెలియకుండా మరొకరు ఎవరికీ హామీ ఉండకూడదు. ఆయన వేరే వకీలును చూసుకుంటానన్నారు. ఆదివారం మేనమామగారింటికి ఇద్దరం వెళ్లి, ఈ షరతులు చదివి వినిపించాలనుకున్నాం. వకీలుగారూ, ఒక్క సందేహం: ఇప్పటికే ఆయన పెట్టిన హామీ సంతకం పెళ్లయ్యాక నా ఫ్లాటు మీదకు వస్తుందా?

కుటుంబ న్యాయస్థానం వకీలు:

పెళ్లి వల్ల రాదు. కాంట్రాక్టు చట్టం 128వ సెక్షన్ ప్రకారం, ఒప్పందంలో వేరే మాట లేనంతవరకు హామీదారు బాధ్యత అప్పు తీసుకున్నవారి బాధ్యతతో సమానం. అంటే అన్నగారు కట్టకపోతే బ్యాంకు నేరుగా మీకు కాబోయే భర్త ఆస్తి మీదకు రావచ్చు. మీరు విడిగా సంతకం చేయనంతవరకు మీ సొంత ఆస్తి దానికి జవాబుదారీ కాదు. ప్రేమకొద్దీ ఆ ఫ్లాటులో ఆయన పేరు ఇప్పుడే చేర్చితే మాత్రం ఆయన వాటా చిక్కులో పడుతుంది, అప్పు తీరేదాకా ఆ పని చేయకండి. రుణం పునరుద్ధరణకు వచ్చినప్పుడు భార్యను కూడా హామీగా అడగడం బ్యాంకుల్లో మామూలే. ఆ రోజున ఏం చేయాలో మీ పత్రంలో ఇప్పుడే ఒక వాక్యం రాసుకోండి. పెళ్లయ్యాక ఆయన తన జీవితం మీద తీసుకునే బీమాను 1874 నాటి వివాహిత స్త్రీల ఆస్తి చట్టం కింద మీ పేరున, పిల్లల పేరున రాయిస్తే, రుణదాతలను మోసగించే ఉద్దేశంతో తీసుకున్నది కానంతవరకు, ఆ సొమ్ము ఆయన అప్పులకు చిక్కదు. అయితే ఆ సంగతి పాలసీ తీసుకునేటప్పుడే చెప్పి రాయించాలి, తరువాత చేర్చుకుందామంటే కుదరదు.