అమ్మమ్మ వాళ్ళ వెదురు నిచ్చెనకు మొక్కలు వేలాడదీయాలి, బరువు ఆగుతుందా?

నమస్కారమండీ. మాది విజయవాడలో మూడో అంతస్తు, అద్దె ఇల్లు. ఊరి నుంచి అమ్మమ్మ వాళ్ళ పాత వెదురు నిచ్చెన తెచ్చుకున్నాను, 6 అడుగులది. దాన్ని బాల్కనీ స్లాబుకు అడ్డంగా వేలాడదీసి, మెట్లకు ఉట్లు కట్టి మొక్కలు పెట్టాలని ఎప్పటి నుంచో ఆశ. మనీ ప్లాంట్లు నాలుగు, స్పైడర్ ప్లాంట్లు రెండు ఉన్నాయి.

ఉట్లు నేనే అల్లాను. మొదట జనపనార తాడుతో అల్లితే, కుండీ అడుగున ముడి ఎప్పుడూ తడిగానే ఉండి నల్లబడింది. ఒక రాత్రి పుటుక్కున తెగింది. పొద్దున చూస్తే కుండీ ముక్కలు, మట్టిలో ఇంకా పచ్చగానే ఉన్న తీగ. చాలా బాధేసింది. ఇప్పుడు నైలాన్ తాడు వాడుతున్నాను.

నీళ్ళు పోశాక తూకం వేస్తే ఒక్కో కుండీ 3.5 కిలోలు వచ్చింది. అంటే ఆరింటికి 21 కిలోలు, నిచ్చెన బరువు అదనం. ఓనర్ గారు రెండు రంధ్రాలకే ఒప్పుకున్నారు. కాంక్రీట్ స్లాబుకు ఏ సైజు యాంకర్ బోల్టులు వేయించాలి? రెండు సరిపోతాయా, నాలుగు కావాలని ఆయన్ని అడగమంటారా? కింద పిల్లలు ఆడుకుంటారు, అదే నా టెన్షన్.

నిచ్చెన ఒక కొన దగ్గర సన్నటి చిల్లులు, తడితే పసుపు పొడి రాలుతోంది. పురుగు పట్టినట్టేనా? పట్టిన మేర కోసేసి మిగతాది వాడుకోవచ్చా? ఇలా చేసినవాళ్ళు ఎవరైనా ఉంటే దయచేసి చెప్పండి.