అప్‌డేట్: పాత జీపు తలుపుల సంగతి

పర్లాకిమిడి నుంచి మళ్ళీ నేనే. డ్రైవరు వైపు తలుపు వాలిపోయి ఎత్తి వేస్తే గానీ పడట్లేదని, అడుగంతా తుప్పని చెప్పి, స్క్రాపులో వేరే తలుపులు కొనాలా, ఉన్నవే బాగుచేయించాలా అని అడిగాను కదా. ఉన్నవే చేయించేశాను.

ముందు హింజ్ (తలుపు బందు) పిన్ను చూడమన్నవాళ్ళకి దండం. తలుపు సగం తెరిచి చివర పట్టుకుని ఎత్తితే పై హింజ్ దగ్గర స్పష్టంగా ఆడింది. లేత్ షాపులో కొత్త పిన్నులు, అవి తిరిగే బుష్‌లు (చిన్న గొట్టాలు) చేయించాం. లాక్ ఎదురుముక్క (తలుపు వేస్తే లాక్ పట్టుకునే ముక్క) కిందికి జరిపితే చాలన్న సలహా మాత్రం నాకు నచ్చలేదు. తలుపు పడుతుందేమో గానీ వాలడం ఆగదు.

అసలు పని లోపలి అట్ట తీశాక మొదలైంది. అద్దం పక్క నుంచి వాన నీళ్ళు తలుపులోకి దిగడం మామూలే, అడుగున కన్నాలుండేది అందుకే. మా ఎర్రమట్టి ఆ కన్నాలన్నీ పూడ్చేసింది! నీళ్ళు నిలిచి రేకు లోపల్నుంచే తినేసింది. మేస్త్రీ పుట్టీ పెట్టేద్దామన్నాడు, ఒప్పుకోలేదు. తుప్పు మీద పుట్టీ ఎన్నాళ్ళుంటుంది? కుళ్ళింది కోసి కొత్త రేకు వేయించాను. పల్చటి రేకు వంకర పోకుండా ఒక్కో చుక్క దూరం దూరంగా, చల్లారనిస్తూ వెల్డింగ్ చేశాడు. లోపలా బయటా తుప్పు పట్టకుండా రెడాక్సైడ్ రంగు వేయించాను, కన్నాలు మాత్రం తెరిచే ఉంచాం.

తలుపు ఇప్పుడు ఒంటిచేత్తో పడుతోంది. తలుపు అంచు రబ్బరు బీడింగ్ ఇంకా పాతదే, మహేంద్రగిరి వైపు వెళ్తే దుమ్ము దూరుతోంది. బరంపురంలో మీటర్ల లెక్కన కొనివేసినవాళ్ళుంటే ఏ మందం సరిపోయిందో చెప్పండి.